వినడం నేర్చిన పంతులుగారు

ఒకరి మనస్సులోని సంగతి మరొకరి మనస్సుకు చేరడం మనం నిత్యం చూస్తున్న పని. నిత్యమూ చూస్తున్నాము గనుకనే దానిని గురించి ఆలోచించము. ఉపాధ్యాయుడు గంటసేపు పాఠం చెప్పి తరగతి గదిలోనుంచి బయటికి వస్తాడు. తాను చెప్పినదేమిటో ఆయనకు తెలుసు. పిల్లలకు చేరినదేమిటో పరీక్షనాటికి గాని తెలియదు. పలికిన నోటికీ విన్న చెవికీ నడుమ ఉన్న ఆ దూరాన్ని గురించి అరవై ఏండ్లపాటు ఆలోచించిన బడిపంతులు ఒకరు మన ఉత్తరాంధ్రలో ఉండేవారు. ఆయన పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఎదుటివారి మాటను శ్రద్ధగా వినడమే ఆయన విద్య. ఆ విద్యను సాధించే శ్రమలోనే ఆయన తన వినికిడిని పోగొట్టుకొన్నారు.

రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29 వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ముఖలింగం దేవాలయపు గోడలమీద, స్తంభాలమీద ఎన్నో శాసనాలు కలవు. ఎవరూ నేర్పకుండానే, అక్షరం అక్షరం పోల్చుకొంటూ, ఆ పాత లిపిని ఆయన స్వయంగా చదవడం నేర్చినారు. పూర్వ గాంగరాజుల రాజధాని అయిన కళింగనగరం ఈ ముఖలింగమేనని తరువాతి కాలంలో వాదించి నిలిపినవారు ఆయనే. శాసనాలు చదివేవారికి ఒక సంగతి తప్పక స్ఫురిస్తుంది. వందల ఏండ్లనాడు ఆ రాతిని చెక్కించినవారు తమ ఊరివారికి అర్థం కావాలనే చెక్కించినారు. ఈనాడు మనకు వింతగా కనిపించే మాట ఆనాటి సంతలో అందరి నోటా ఆడిన మాటయే కావచ్చును. ఈ ఎరుక పంతులుగారికి తరువాత చాలా అక్కరకు వచ్చినది.

తండ్రి చోడవరానికి బదిలీ అయి, అక్కడ విషజ్వరంతో 1875 లో మరణించినారు. పండ్రెండేండ్ల బాలుడు బంధువుల ఆశ్రయంలో విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదువు సాగించినాడు. అక్కడ ఆయనకు సహపాఠి గురజాడ అప్పారావుగారు. 1879 లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, మరుసటి ఏడు ముప్పది రూపాయల జీతంమీద పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయులుగా చేరినారు. పై పరీక్షలన్నీ ఉద్యోగం చేసికొంటూ, ఇంట చదువుకొని నెగ్గినవే. ఈ మాట ఉపాధ్యాయ మిత్రులు కొందరికైనా సంతోషం కలిగిస్తుందని వ్రాస్తున్నాను.

పర్లాకిమిడి మైదానానికీ మన్యానికీ సరిహద్దున ఉన్న పట్టణం. తెలుగు, ఒడియా రెండూ అక్కడ వినిపిస్తాయి. కొండలనుంచి సవరలు దిగి వస్తారు. వారి భాష ఈ రెండింటికీ చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. భాషలు వేరైన జనం సంతలో, కచేరీలో కలిసికొన్నప్పుడు నడుమ ఒక దుబాసీ నిలుస్తాడు. వాడు చెప్పినదే ధర, వాడు విన్నదే వాఙ్మూలం. తన కష్టసుఖాలను తన నోట చెప్పుకోలేని మనిషి ఎంత వివేకవంతుడైనా ఇతరుల కంటికి మూఢుడుగానే కనిపిస్తాడు. నాగరికులలో చాలమంది ఆ తప్పు సవరలదే అనుకొన్నారు. పంతులుగారికి అది తమ తప్పుగా తోచినది.

ఆయన చేసిన పని చాలా సులువైనట్లు కనిపిస్తుంది. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక సవరను తమ ఇంట నిలుపుకొని ఆయనవద్ద శిష్యరికం చేసినారు. చెప్పడానికి ఇంతే. కాని ఆ కాలంలో, ఆ కులాచారాల నడుమ, ఒక బ్రాహ్మణోపాధ్యాయుని ఇంట సవర గురుస్థానంలో కూర్చొనడం ఎంత వింతయో ఊహించుకోవచ్చును. ఇక విద్య సంగతి. వ్యాకరణం లేని, నిఘంటువు లేని, లిపి లేని భాషను నేర్వడం ఎట్లాగు? చెట్టును చూపి పేరడిగితే, ఎదుటివాడు చెప్పిన మాట చెట్టుకు పేరో, ఆ జాతి చెట్టుకు పేరో, కొమ్మకు పేరో, చూపిన వ్రేలికి పేరో ఎవరు చెప్పగలరు? ఆ మాటను మరొక సందర్భంలో తాను పలికి చూడాలి. ఎదుటివాడు నవ్వితే తప్పు, తల ఊపితే ఒప్పు. అర్థం అనేది మాటలో దాగి ఉండే వస్తువు కాదు. పలికినవాడూ విన్నవాడూ కూడి, సరి చూచుకొని, ఒడంబడిక చేసికొన్న తరువాతగాని అది నిలువదు. ఈ సంగతిని పంతులుగారు పుస్తకాలలో చదువక ముందే తమ ఇంటి అరుగుమీద తెలిసికొన్నారు.

సవర ధ్వనులు తెలుగు అక్షరాలలో ఒదుగలేదు. మాట నడుమ గొంతు ఒక్క క్షణం మూసి విడిచే ధ్వని ఒకటి ఆ భాషలో కలదు. మన చెవి దానిని ధ్వనిగానే గుర్తించదు, విరామమనుకొంటుంది. కాని అది ఉంటే ఒక అర్థం, లేకుంటే మరొక అర్థం. మనం నిశ్శబ్దమని భావించినచోట వారు మాటాడుతున్నారన్నమాట. ఇటువంటి సూక్ష్మాలను పట్టుకొనడానికి ఆయన పాశ్చాత్యుల ధ్వనిశాస్త్రాన్ని సంపాదించి చదివినారు. సవర క్రియాపదంలో కర్తా కర్మా కూడ ఇమిడిపోతాయి. పులి నిన్ను పట్టుతుంది అని మనం మూడు నాలుగు మాటలలో చెప్పేదానిని వారు ఒక్క మాటలో హెచ్చరించగలరు. వారి లెక్క పండ్రెండువరకు ఒక వరుస, ఆపైన పండ్రెండున్నొకటి, పండ్రెండున్రెండు అని సాగి, ఇరువదిమీద మళ్లీ కొత్త వరుస ఎత్తుకొంటుంది. మన పదుల లెక్క తెలిసిన పంతులు పోయి ఆ పిల్లలకు లెక్కలు రావని తీర్మానిస్తే, లోపమెవరిదో ఆలోచించవలెను.

నేర్చిన భాషలో ఆయన సవర పిల్లలకు వాచకాలు వ్రాసినారు, కథలు, పాటలు కూర్చినారు. తమ స్వంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు తామే జీతాలిచ్చినారు. ఆ వాచకాలకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా తమకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టవలసినదని కోరినారు. 1913 లో రావుబహద్దరు బిరుదం వచ్చినది. ఈనాడు మాతృభాషలో ప్రాథమిక విద్య అన్న మాట అందరి నోటా వినిపిస్తున్నది. పంతులుగారు ఆ పని మొదలుపెట్టేనాటికి దానికి పేరు కూడ లేదు.

దీనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. భాషకోసం మన్యంలో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకొన్నారు. ఆ జ్వరానికి అప్పటి మందు క్వినైను. దానిని పుచ్చుకొనగా పుచ్చుకొనగా ప్రాణం నిలిచినది గాని చెవులు పోయినవి. తరువాతి జీవితమంతా చెవుడే. గొంతు మూసి విడిచే ధ్వనిని పట్టుకొన్న చెవికి పక్క గదిలోని పిలుపు వినిపించకుండా పోయినది. ఆయన చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటిపోతారు. నాకు మాత్రం ఆ వాక్యంవద్ద ఆగక తప్పదు. భాష నోటిలో ఉంటుందని, వ్రాత దాని నీడయని వాదించిన మనిషికి మిగిలినది వ్రాత ఒక్కటే.

ఇక తెలుగు సంగతి. 1906 ప్రాంతంలో ఏట్సు అనే ఇంగ్లీషు దొరగారు ఉత్తర జిల్లాల పాఠశాలలకు తనిఖీ అధికారిగా వచ్చినారు. తెలుగు పిల్లలు పుస్తకంలో చదివే తెలుగు ఒకటి, ఇంటా బయటా మాటాడే తెలుగు ఒకటి కావడం ఆయనకు ఆశ్చర్యం కలిగించినది. ఆయన అడిగిన ప్రశ్న విశాఖపట్నం కళాశాలలో ప్రధానాచార్యులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారిని, గురజాడవారిని, గిడుగువారిని ఒకచోట చేర్చినది. అప్పటికి పంతులుగారి వయస్సు నలుబదిమూడు. ఉపాధ్యాయత్వంలో ఇరువదారేండ్ల అనుభవం.

ఆనాటి తరగతిని తలచుకొనండి. వస్తున్నాడు అని పలికే పిల్లవాడు వచ్చుచున్నాడు అని వ్రాయవలెను. పోవాలి అన్నవాడు పోవలయును అనవలెను. నోటలేని అరసున్నను కాగితంమీద పెట్టవలెను, ఏ రేఫ శకటరేఫయో కంఠస్థం చేయవలెను. పెట్టకపోతే మార్కులు పోతాయి. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణం 1858 నాటిది. సూరిగారు దానిని ఎంతో ప్రతిభతో కావ్యభాషకు లక్షణంగా రచించినారు. దానిని పిల్లవాని ఉత్తరానికి, వ్యాసానికి, భూగోళపాఠానికి కూడ శాసనంగా పెట్టినవారు తరువాతివారు. పాఠం చెప్పేటప్పుడు పంతులు పుస్తకంలోని వాక్యాన్ని చదివి, దానికి తిరిగి తెలుగులోనే అర్థం చెప్పవలసి వచ్చేది. తెలుగునుంచి తెలుగుకు దుబాసీ అన్నమాట. కొండమీది సవరకు కచేరీలో పట్టిన గతియే మైదానంలో తెలుగు పిల్లవానికి బడిలో పట్టినదని పంతులుగారికి తోచి ఉండవలెను. ఆయన జీవితంలోని ఈ రెండు పనులను విడివిడిగా చెప్పుకొనడం మనకు అలవాటు. నా దృష్టిలో అవి రెండూ ఒకటే పని.

ఆయన వాదం స్థూలంగా ఇది. భాష సంఘానిది. వ్యాకర్త దానిని చూచి లక్షణం వ్రాస్తాడుగాని నడిపించడు. తాతతండ్రుల మాట మారి మన మాట అయినట్లే, మన మాట మారి మనుమల మాట అవుతుంది. వ్రాసినవాడు తన సంగతి చదివేవానికి తెలియవలెనని వ్రాస్తాడు. తెలియకుండా వ్రాసిన వ్రాత ఎంత నిర్దోషమైనా పని చేయని పనిముట్టు. దీనికి ఆయన చూపిన సాక్ష్యాలు శాసనాలలోనివి, పాత వ్యాఖ్యానాలలోనివి, దక్షిణాంధ్ర యుగపు వచన గ్రంథాలలోనివి. పూర్వులు వచనం వ్రాసినప్పుడు తమ నోటి మాటకు దగ్గరగానే వ్రాసినారని, గ్రాంథిక వచనమే కొత్తదని ఆయన తేల్చినారు. ఇది ప్రతిపక్షాన్ని నివ్వెరపరచినది. సంప్రదాయం తమదేనని వారు నమ్మి ఉన్నారు.

1911 లో పంతులుగారు ఉద్యోగం విరమించినారు. ఆ ఏడే జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథిక పక్షాన నిలిచినది. రామయ్యగారూ సామాన్యులు కారు. వారూ శాసనాలు చదివినవారే. ఆ పరిషత్తే తెలుగువారికి సూర్యరాయాంధ్ర నిఘంటువును ప్రసాదించినది. వేదం వేంకటరాయశాస్త్రులుగారివంటి ఉద్దండులు ఆ పక్షాన ఉన్నారు. స్కూలు ఫైనలు విద్యార్థి తన వ్యాసాన్ని కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని ప్రభుత్వం అనుమతించినది. వెంటనే సభలు, ఆక్షేపణలు, మహజర్లు బయలుదేరినవి. కొద్ది ఏండ్లలోనే ఆ అనుమతి ఉపసంహరింపబడినది. గురజాడవారు 1914 లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించి, 1915 నవంబరు 30 న కన్నుమూసినారు. వాదానికి మిగిలిన మూలస్తంభం గిడుగువారొక్కరే. ఏబదిరెండేండ్ల వయస్సు, వినిపించని చెవులు.

గ్రాంథికవాదులను కేవలం ఛాందసులని కొట్టివేయడం న్యాయం కాదు. వారి భయంలో సత్యముంది. విశాఖవారు తమ మాటలో, నెల్లూరువారు తమ మాటలో, నైజాము తెలుగువారు తమ మాటలో వ్రాస్తే ఒకరి వ్రాత ఒకరికి తెలియునా? అందరికీ పరాయి అయినా, అందరికీ ఒక్కటే అయిన భాష మేలు కాదా? గిడుగువారి సమాధానం శిష్ట వ్యావహారికం. వేరు వేరు ప్రాంతాల చదువుకొన్నవారు ఒకచోట కలిసినప్పుడు పరస్పరం సులభంగా మాటాడుకొనే భాష ఒకటి అప్పటికే ఏర్పడి ఉన్నది, వ్రాతకు అది చాలునన్నారు. ఆ సమాధానం చాలామట్టుకు సరియైనదని కాలం నిరూపించినది. కాని శిష్టులెవరు అన్న ప్రశ్న అంతటితో తీరలేదు. కోస్తా జిల్లాల చదువరుల మాటయే ప్రమాణమై, తమ నోటి మాట మళ్లీ తప్పులపట్టీలో పడినదని తెలంగాణ రచయితలు తరువాత వాదించినారు. గిడుగువారి సూత్రాన్నే గిడుగువారి అనుయాయులకు వర్తింపజేసినారు వారు.

వాదించే తీరులో పంతులుగారు నిర్దాక్షిణ్యులు. గ్రాంథికం వ్రాసితీరవలెనన్న పండితుల గ్రంథాలనే ముందు పెట్టుకొని, వారు తమ వ్యాకరణాన్ని తామే ఎక్కడెక్కడ తప్పినారో పుటలు పుటలుగా ఎత్తి చూపేవారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అన్న పేరులోనే ఆ వెటకారం కనిపిస్తుంది. గద్యచింతామణి, బాలకవి శరణ్యం కూడ ఆ యుద్ధంలోని ఆయుధాలే. ఆయన చెప్పినవి నిజాలే. అయినా తప్పు చూపించుకొన్నవాడు వెంటనే మిత్రుడు కాడు. వినడంలో అంత ఓర్పు చూపినవారు వినిపించడంలోనూ అంత ఓర్పు చూపి ఉంటే గెలుపు కొన్ని ఏండ్లు ముందే వచ్చేదేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. మా కళాశాలలో ఈ మాట అన్నందుకు ఒక వృద్ధ మిత్రుడు నామీద కోపగించినాడు. వినిపించని చెవులతో సభలో నిలిచినవానికి ఎదుటివారి కనుబొమలే కనిపిస్తాయి, మెత్తదనం ఎక్కడనుంచి వస్తుందని ఆయన సమాధానం. దానికి నావద్ద జవాబు లేదు.

1916 లో కొవ్వూరులో, 1925 లో తణుకులో ఆయన చేసిన ప్రసంగాలు ప్రసిద్ధమైనవి. తణుకులో నాలుగు గంటలసేపు గ్రంథాలు విప్పి ప్రయోగాలు చూపుతూ మాటాడినారు. నడుమ 1919 లో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలసినది. జీవితమంతా గ్రాంథికంలో గ్రంథాలు రచించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులైనారు. ఆ కొద్ది నెలలకే వారు మరణించినారు. అదే ఏడు గిడుగువారు తెలుగు అన్న పేరుతో మాసపత్రికను స్థాపించి ఒక ఏడాది నడిపినారు. 1924 లో కాకినాడలో సాహిత్య పరిషత్తు వ్యావహారికంమీది నిషేధాన్ని తొలగించినది. కవులు, కథకులు ఒక్కొక్కరే ఇటు తిరిగినారు. బడి మాత్రం తిరుగలేదు. పాఠ్యపుస్తకం అన్నిటికన్న వెనుక మారే వస్తువు.

ఈ కోలాహలంలో ఆయన సవరలను మరువలేదు. కుమారులు సీతాపతిగారి తోడ్పాటుతో సాగిన పని అది. 1931 లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938 లో సవర ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వం అచ్చువేసినది. నాలుగు పదుల ఏండ్లనాడు అరుగుమీద మొదలైన సంభాషణ ఆ పుటలలో నిలిచినది. ముండా భాషలను పరిశోధించే విద్వాంసులు ఈనాటికీ ఆ వ్యాకరణాన్ని చూడక ముందుకు పోలేరు.

1936 ఏప్రిలు 1 న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరినది. దానిని ప్రతిఘటించిన తెలుగువారికి పంతులుగారు నాయకులు. నూతన రాష్ట్రం ప్రారంభమయ్యేనాటి ఉదయమే ఆయన ఏబదియారేండ్లుగా పాతుకొన్న ఇల్లూ వాకిలీ విడిచి రాజమహేంద్రవరానికి వెళ్లిపోయినారు. డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు. అక్కడి తెలుగు పిల్లలకు ఇక ఏ భాషలో పాఠం చెప్పుతారన్నది ఆయన ఆవేదన. సవరలు మాత్రం కొండలలోనే ఉన్నారు, సరిహద్దుకు రెండు ప్రక్కలా. ఆ 1936 లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే స్వంత లిపిని కల్పించినాడు. తెలుగు లిపి, రోమను లిపి, ఒడియా లిపి, ఏదీ తమది కాదని ఆ జాతి చెప్పిన మాట అది. మాట మాటాడేవారిదేనని జీవితమంతా చెప్పినవారు ఆ లిపిని చూచి ఉంటే ఏమనేవారో!

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది. ఆయన జన్మదినం ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుగుతున్నది. బ్రతికి ఉండగా మాత్రం పాఠ్యపుస్తకాలలో ఆయన కోరిన మార్పు రాలేదు. పత్రికలలో వ్యావహారికం అక్కడక్కడ అడుగు పెట్టినా, అప్పటికింకా చాలా చోట్ల గ్రాంథికమే రాజ్యమేలుతుండేది. 1940 జనవరి 15 న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులు కొందరు ఆయన చుట్టూ చేరినారు. ప్రజలకోసం నడిచే పత్రికలు ప్రజలకు తెలిసే భాషలో వ్రాయవలసినదని వారికి ఆయన చివరిసారి విన్నవించినారు. ఆరోగ్యం అప్పటికే పూర్తిగా చెడినది. వారం తిరిగేసరికి, 22 వ తేదీన, మద్రాసులోనే ఆయన తుదిశ్వాస విడిచినారు.